నాగేశ్వరా, విమానం ఎక్కేముందు ఇది చదువు

కావలి,
ఆదివారం

ఒరే నాగేశ్వరా,

టికెట్ ఫొటో చూశాన్రా. చెన్నైలో ఎక్కి, దుబాయిలో మారి, కువైట్‌లో దిగుతావు. కూతురి దగ్గర రెండు నెలలు. బాగుంది. నీ సంగతి తెలిసే ఇంత పొడుగు రాస్తండా. రైల్లో పక్కనోడు మంచినీళ్ళడిగితే అన్నం పొట్లం కూడా చేతిలో పెట్టే రకం నువ్వు. ఆ దారిలో ఉదయగిరి, ఆత్మకూరు, కనిగిరి వైపోళ్ళు తగలకుండా ఉండరు. మొదటిసారి పొయ్యేవాళ్ళు, చదువు రానివాళ్ళు "అన్నా, ఇదేందో చూసి చెప్పు" అని కాగితం చాపుతారు. తప్పకుండా చూడు. ఎట్టా చూడాలో మాత్రం విను.

చెన్నైలో మనోళ్ళు ఇమిగ్రేషన్‌కి నింపే కాగితం 2017 జూలై 1 నుంచే ఎత్తేశారు. ఎవరన్నా ఫారం నింపమంటే అదేం ఫారమో ముందు పైకి చదివి వినిపించు. రాత నీది కావచ్చు, సంతకం వాళ్ళదే.

ఇంటిపనికి పొయ్యే ఆడమనిషి ఎవరన్నా పక్కన కూర్చుంటే (కువైట్‌లో ఖద్దామా అంటారు) ఒక్క పని చేసి పెట్టు. ఆమె ఫోన్‌తోనే పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా కాగితం ఫొటోలు తీయించి, అక్కడే కూర్చోబెట్టి ఇంటికి వాట్సాప్‌లో పంపించు. వెలుతురు పడి మెరవకుండా, నంబరు స్పష్టంగా కనపడేటట్టు. ఎందుకంటావా? దిగంగానే కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, పాస్‌పోర్టు తీసి బీరువాలో పెట్టుకోవడం మామూలు. కువైట్ 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం అట్టా పెట్టుకోకూడదు, అయినా పెట్టుకుంటారు. రేపు ఆమె పాస్‌పోర్టు లేకుండా తిరిగి రావాలంటే మన ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇవ్వాలి. అది ఒక్కసారి ఇండియాకి రావడానికే పనికొచ్చే కాగితం. పాత పాస్‌పోర్టు నంబరు చేతిలో ఉంటే ఆ మనిషి మన దేశస్థురాలేనని తేల్చడం తేలిక. లేకపోతే ఊరినుంచి వివరాలు తెప్పించేసరికి రోజులు పడతాయి. రెండు నిమిషాల పని, డబ్బులు కూడా కావు.

వీసా మీద "విజిట్" అని ఉండి, ఆమె పనికి పోతున్నానంటే ఏజెంటు మోసం చేశాడని లెక్క. ఈసీఆర్ పాస్‌పోర్టుతో (పనికి పొయ్యేముందు మన సర్కారు అనుమతి కావాల్సిన పాస్‌పోర్టు) గల్ఫులో ఇంటిపనికి పొయ్యే ఆడవాళ్ళకి 30 ఏళ్ళు నిండాలి, సర్కారు వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో నమోదు కావాలి, 10 లక్షల ప్రవాసీ బీమా ఉండాలి. ఆ బీమాకి రెండేళ్ళకి కట్టేది 275 రూపాయలే. విజిట్ వీసా మీద పోతే ఇవేవీ ఉండవు. నలుగురిలో అరవబాక, పక్కకి పిలిచి చెప్పు. 1800 11 3090 ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు, ఇండియాలో ఉన్నంతసేపు ఉచితం. పొయ్యేదీ మానేదీ ఆమె ఇష్టం.

ఇంక పొట్లాలు. "మా పాపకి మలైకాజా డబ్బా అన్నా, బరువు ఎక్కువైంది, నీ సంచిలో పెట్టుకో" అంటారు. వద్దు. నీ సంచిలో దొరికింది నీదే, ఎవరిచ్చారో కస్టమ్స్ అధికారికి అక్కర్లేదు. కాజా అనుకున్నదాంట్లో ఏముందో నీకేం తెలుసు? మసాలాపొడిలో గసగసాలు కలిపి ఉంటే దుబాయిలో అది మత్తుమందు కిందే లెక్క, కేసు పెడతారు. ఒళ్ళునొప్పుల మాత్రల్లో ట్రమడాల్ ఉన్నా అంతే. "నాదే కిలో ఎక్కువుందమ్మా" అని చెప్పి తప్పుకో. ఆ ఒక్క అబద్ధానికి పాపం రాదులే.

దుబాయిలో ఎవరన్నా బోర్డింగ్ పాస్ చూపిస్తే మూడు చూడు. ఒకటి, గేటు నంబరుకి ముందు ఏ, బీ, సీ అని అక్షరం ఉంటది. ఒకవైపు నుంచి ఇంకోవైపుకి లోపలే రైలెక్కాల్సి రావచ్చు. గేటు మారుద్ది కూడా, అందుకని కాగితాన్ని నమ్మబాక, తెర మీద చూడు. విమానానికి 20 నిమిషాల ముందే గేటు మూసేస్తారని చెప్పు. రెండోది టైము. దుబాయి మనకన్నా గంటన్నర వెనక, కువైట్ రెండున్నర గంటలు వెనక. పొయ్యేటప్పుడు ఇండియా గడియారం చూసుకుని "విమానం పోయింది" అని ఏడ్చేవాళ్ళుంటారు, పోదు. వచ్చేటప్పుడే ముప్పు. కువైట్ టైము మార్చకుండా దుబాయిలో కూర్చుంటే గంట వెనకబడి నిజంగానే తప్పిపోతారు. మూడోది, పాస్ వెనక అంటించిన సామాను చీటీ. దాని మీద కె.డబ్ల్యూ.ఐ. అని ఉంటే పెట్టె నేరుగా కువైట్ పోద్ది, దుబాయిలో వెతుక్కోనక్కర్లేదు.

ఇంటికి ఫోన్ చెయ్యమంటే నువ్వే నంబరు నొక్కి స్పీకర్ పెట్టు, ఫోన్ చేతికియ్యబాక. దుబాయిలో వాట్సాప్ కాల్ పోదురా, వాయిస్ మెసేజ్ పోద్ది. ఈ సంగతి తెలియక ఇంట్లోవాళ్ళు ఎత్తడం లేదని గాబరా పడతారు. ల్యాండ్‌లైన్ అయితే +91 కొట్టినాక సున్నా తీసెయ్యాల: నెల్లూరుకి 861, ఒంగోలుకి 8592.

చక్కెర జబ్బోళ్ళు వేళకి తినక చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడతా ఉంటారు. మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే విమానంలో ఇచ్చే చక్కెర పొట్లాలు మూడు నాలుగు నీళ్ళల్లో కలిపి తాగించు. లెక్కకి 15 గ్రాములు. డైట్ కూల్‌డ్రింకు పనికిరాదు, అందులో చక్కెరే ఉండదు. 15 నిమిషాలాగి తేరుకోకపోతే మళ్ళీ అంతే. తేరుకున్నాక బ్రెడ్డో బిస్కెట్టో పెట్టు, లేకపోతే మళ్ళీ పడిపోతారు. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పొయ్యబాక, ఊపిరితిత్తుల్లోకి పోద్ది. పక్కకి తిప్పి పడుకోబెట్టి, సీటు దగ్గర సిబ్బందిని పిలిచే బటన్ నొక్కు. సిబ్బంది దగ్గర మందుల పెట్టె ఉంటది, డాక్టరున్నారేమో మైకులో పిలుస్తారు.

కువైట్‌లో ఇంటినుంచి బయటపడి వచ్చేసిన మనిషి, వాళ్ళ మాటలో కల్లివల్లి, ఎదురైతే నీ మనసు ఆగదని తెలుసు. అన్నం పెట్టించు, మాట్లాడు. నీ కూతురి ఇంటికి మాత్రం తీసకపోబాక. పారిపోయిందని కఫీల్ కేసు పెట్టి ఉంటే, చోటిచ్చినవాళ్ళ అకామాకే (ఆ దేశంలో ఉండే పర్మిట్‌కే) ఎసరొస్తది. ట్యాక్సీ మాట్లాడి, బాడుగ డ్రైవరుకే ఇచ్చి మన ఎంబసీకి పంపు. గల్ఫ్ రోడ్డు మీద డిప్లొమాటిక్ ఎన్‌క్లేవ్‌లో ఉండాది. ఇంటిపనివాళ్ళకి అక్కడ ఆశ్రయం ఇస్తారు. తిండికి, టికెట్‌కి గతిలేనోళ్ళకి 2009లో పెట్టిన సంక్షేమ నిధి ఉంది, ఐసీడబ్ల్యూఎఫ్ అంటారు. దెబ్బలు తగిలి ఉంటే ముందు 112. ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టడం, నలుగురి దగ్గర చందా వసూలు చెయ్యడం మన కావలి సెంటర్లో చెల్లుద్ది, ఆడ చెల్లదు. అనుమతి లేని వసూలు నేరం.

చేతిసంచిలో పెన్నులు రెండు, గ్లూకోజ్ పొడి పాకెట్ సీలు తియ్యకుండా పెట్టుకో. నీ పాస్‌పోర్టు ఫొటో కూడా నాకు పంపించు. ఊరందరివీ తీయించి నీది మర్చిపోతావు.

నీ
సుబ్బారావు