గ్రామ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25: చెరువు పక్క వెంచర్ సంగతి

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా సంఘం చేసిన పనులు ఇందులో ఉన్నాయి. బతుకమ్మ ఏర్పాట్లు, బడి పిల్లలకు నోటుబుక్కులు, కంటి పరీక్షల శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. వాటి గురించి చివర్లో రెండు ముక్కలు చెప్తాం. ఈ ఏడాది కార్యవర్గం కూర్చున్నప్పుడల్లా మాట్లాడింది ఒక్కదాని గురించే: ఊరి పడమటి అంచున, చెరువు ఎగువన వేయబోతున్న ఇళ్ల ప్లాట్ల వెంచర్.

మన యాదాద్రి భువనగిరి జిల్లాలో ట్రిపుల్ ఆర్ (రీజనల్ రింగ్ రోడ్డు) పేరు వినబడ్డప్పటి నుంచి భూముల ధరలు ఎలా పెరిగాయో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పడమటి వైపు 18 ఎకరాలు చేతులు మారాయి. అమ్మినవాళ్లలో మన సభ్యులున్నారు. అక్కడే ప్లాటుకు బయానా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. కూతురి పెళ్లికో, అప్పు తీర్చడానికో, కొడుకు చదువుకో అమ్ముకున్న రైతును తప్పుపట్టే హక్కు సంఘానికి లేదు. వెంచర్ వద్దని మనం ఎక్కడా తీర్మానం చేయలేదు. ఇది రాయాల్సి వస్తోంది, ఎందుకంటే సంఘం అభివృద్ధికి అడ్డం పడుతోందని హోటల్ దగ్గర ప్రచారం జరిగింది. మనం అడిగింది ఒక్కటే: చెరువు హద్దు తేలాక ప్లాట్లు గీయండి అని.

హద్దు మీద అంత పట్టు ఎందుకో వివరంగా చెప్పాలి. నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) గీత నుంచి 30 మీటర్లు బఫర్‌గా ఖాళీ వదలాలి. అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు చాలు. పది హెక్టార్లంటే మన లెక్కలో దాదాపు 24 ఎకరాల 28 గుంటలు. మన చెరువు శిఖం, అంటే చెరువు పేరున రాసి ఉన్న భూమి, రికార్డులో 23 ఎకరాలు. వెంచర్ వేస్తున్న కంపెనీ వాళ్లు ఆ కాగితం చూపించి 9 మీటర్లు వదిలితే సరిపోతుందన్నారు. కానీ శిఖం వేరు, ఎఫ్‌టీఎల్ వేరు. చెరువు నిండి అలుగు పోసేటప్పుడు నీళ్లు ఎక్కడిదాకా నిలబడతాయో అదీ ఎఫ్‌టీఎల్. అందులో పట్టా భూములు కూడా ఉంటాయి. వాటిని సాగు చేసుకోవచ్చు, కట్టడాలు మాత్రం కూడదు. మన చెరువు నిండితే శిఖం దాటి పట్టా చెలకల్లోకి నీళ్లు ఎక్కుతాయని పశువులు కాసిన పిల్లలకూ తెలుసు. ఆ భూమి కలిస్తే చెరువు పది హెక్టార్లు దాటుతుంది. 9కి, 30కి మధ్య తేడా 21 మీటర్లు, అంటే 69 అడుగులు. 60 అడుగుల పొడవున్న ప్లాట్ల వరస ఒకటి మొత్తం లేచిపోతుంది. గొడవంతా ఆ ఒక్క వరస గురించే.

జూన్‌లో జేసీబీ పెట్టి తుప్పలు కొట్టారు, కడీలు (హద్దు రాళ్లు) పాతి వాటి మీద ఎర్ర రంగుతో నంబర్లు వేశారు. సెప్టెంబరు మొదట్లో రాష్ట్రమంతా కురిసిన పెద్ద వానలకు మన చెరువూ అలుగు పోసింది. ఆ రోజు పొద్దున్నే కార్యవర్గం, యువజన సభ్యులు కట్ట మీది నుంచి పడమటి వైపు వెళ్లారు. మూడో వరస కడీల దాకా నీళ్లున్నాయి. 41 నంబరు కడీ దగ్గర నిలబడితే మోకాలు మునిగింది. గతంలో నీరటి పని (చెరువు నీళ్లు వదిలే పని) చేసిన పెద్దాయన అక్కడే నిలబడి, ఇంతకుముందు నీళ్లు చింతచెట్టు మొదలు తాకేవని, ఇప్పుడు ఇంకా తక్కువే వచ్చాయని చెప్పాడు. నీళ్ల అంచు వెంట వెదురు పుల్లలు గుచ్చి, తేదీ కనపడేలా ఫొటోలు తీసి, ఒక్కో పుల్ల దగ్గర ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేశాం. ఈ పని చేసిన పిల్లలకు సంఘం తరఫున ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఏడాది మొత్తం మీద పనికొచ్చిన కాగితాలు అవే.

ఆ ఫొటోలు జతచేసి, ఎఫ్‌టీఎల్ సర్వే చేయాలని అక్టోబరులో నీటిపారుదల శాఖకు, తహసీల్దార్‌కు అర్జీలు ఇచ్చాం. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడిగాం. తర్వాత అడగాలనుకునే సభ్యుల కోసం ఒక మాట: గ్రామ స్థాయి కార్యాలయంలో ఆ దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంలో అయిదు రూపాయలు, పైన పది. మన చెరువుకు ఎఫ్‌టీఎల్ తుది నోటిఫికేషన్ ఇంకా రాలేదని ఆ జవాబులో తేలింది. అంటే 9 మీటర్లన్న కంపెనీ మాటకు గానీ, 30 అన్న మన మాటకు గానీ ఇప్పటిదాకా అధికారిక ముద్ర లేదు. మన చేతిలో ఫొటోలున్నాయి, వాళ్ల చేతిలో పాత శిఖం లెక్క ఉంది.

మామూలు రోజుల్లో అయితే సర్పంచ్‌ను నిలదీసేవాళ్లం. 2024 ఫిబ్రవరి నుంచి ఈ నివేదిక కాలమంతా పంచాయతీల్లో పాలకవర్గాలు లేవు, ప్రత్యేకాధికారి పాలనే నడిచింది. ఆయనకు ఇంకా చాలా ఊళ్లుండేవి. జనవరిలో రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల కోసం పెట్టిన గ్రామసభలో సందు చూసుకుని మన అర్జీ చదివాం. జాబితాలో పేరు లేదని జనం అరుస్తుంటే చెరువు మాట ఎవరు వింటారు? అయినా మినిట్స్ పుస్తకంలో రాయించాం, నకలు తీసుకున్నాం. అదే నెలలో రైతు భరోసా పెట్టుబడి సాయం కోసం సాగులో లేని భూముల సర్వే జరిగింది. వెంచర్లకు ఆ సాయం రాదు. కడీలు పాతిన భూమిని ఏమని రాస్తారో చూద్దామని మనవాళ్లు వెంట వెళ్లారు. కంపెనీ మనిషి అది ఇంకా వ్యవసాయ భూమే అన్నాడు. కడీ మీద ప్లాటు నంబరు ఉంది మరి! అక్కడున్నవాళ్లంతా నవ్వారు.

వరద కాలువ సంగతి కూడా ఇలాంటిదే. ఎగువ కుంట అలుగు నీళ్లు మన చెరువులోకి వచ్చే కాలువ ఈ 18 ఎకరాల మధ్య నుంచే పోతుంది. కంపెనీ రంగుల బ్రోచర్‌లో చెరువుకు ‘లేక్ వ్యూ’ అని పేరు పెట్టి నీలం రంగు పూశారు, ఆ వైపు ప్లాట్లకు గజానికి ఎక్కువ అడుగుతున్నారు. చెరువును నింపే కాలువ మాత్రం బ్రోచర్‌లో ఎక్కడా లేదు. ఊరి నక్షలో స్పష్టంగా ఉంది. పది మీటర్ల కంటే వెడల్పున్న కాలువకు 9 మీటర్లు, అంతకు లోపైతే 2 మీటర్లు వదలాలి. ఇప్పుడు నేల మీద నాలుగు మీటర్లే మిగిలింది కాబట్టి, నక్ష వెడల్పు ప్రకారం కొలవాలని మండల సర్వేయర్‌కు రాశాం. గట్టు మీది తాటిచెట్లను ఎక్సైజ్ అనుమతి లేకుండా కొట్టకూడదని గీత కార్మికులు వాళ్లంతట వాళ్లే అర్జీ పెట్టుకున్నారు. అందుకే చెట్లు ఇంకా నిలబడి ఉన్నాయి.

బయానా ఇచ్చిన సభ్యులు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను రెరాలో (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ సంస్థలో) నమోదు చేయకుండా అమ్మకానికి పెట్టడం, ప్రకటనలివ్వడం, అడ్వాన్సు తీసుకోవడం చట్టప్రకారం కుదరదు. ‘ప్రీలాంచ్ ఆఫర్’ అన్నా అంతే. నమోదయ్యాక కూడా అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. మేం చూసిన రసీదుల మీద రెరా నంబరు లేదు. ‘తర్వాత ఎల్‌ఆర్‌ఎస్ చేయించుకోవచ్చు’ అని ఏజెంట్లు చెప్తున్నారు. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే ఆ పథకం 2020 ఆగస్టు 26కు ముందు పడ్డ లేఅవుట్లకే. ఈ వెంచర్‌కు వర్తించదు.

ఎల్‌ఆర్‌ఎస్ అంటే ఏమిటో తూర్పు వైపు పాత వెంచర్ వాళ్లను అడగండి. అక్కడ పార్కు అన్నది కాగితం మీదే ఉండేది, తర్వాత దాన్నీ ముక్కలు చేసి అమ్మేశారు. పార్కు స్థలం లేదు కాబట్టి క్రమబద్ధీకరణకు ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాలి. మార్చి 31లోపు కడితే 25 శాతం రాయితీ అనగానే అక్కడివాళ్లు అప్పు తెచ్చి మరీ కట్టారు. వెంచర్ వేసినాయన ఎప్పుడో వెళ్లిపోయాడు. ఇప్పుడు 18 ఎకరాల్లో పది శాతం ఖాళీ స్థలమంటే ఎకరా 32 గుంటలు. అది, రోడ్లు పంచాయతీ పేరున గిఫ్ట్ డీడ్ అయ్యేదాకా, 15 శాతం ప్లాట్లు పనుల పూర్తికి హామీగా తనఖాలో పెట్టేదాకా సంఘం వదిలిపెట్టదు. పనులు పూర్తికాకుండా ఆ తనఖా విడిపించడానికి పంచాయతీ ఒప్పుకోవద్దని కూడా రాసిచ్చాం.

నీళ్ల లెక్క కూడా ఉంది. 260 ప్లాట్లు అంటున్నారు. ఇంటికి నలుగురు, మిషన్ భగీరథ లెక్కలో మనిషికి రోజుకు వంద లీటర్లు వేసుకుంటే లక్షా నాలుగు వేల లీటర్లు. మన ట్యాంకు 60 వేల లీటర్లది, ఎండాకాలంలో అది ఉన్న ఊరికే చాలడం లేదు. కొత్త ట్యాంకు కంపెనీయే కట్టాలని అడిగాం. బోర్లు వేసుకుంటామంటున్నారు. చెరువు నిండకపోతే బోర్లలో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో వాళ్లు చెప్పలేదు.

ఇక మిగతావి. బతుకమ్మ మెట్లకు సిమెంటు వేయించాం, చివరి మెట్టు ఇంకా జారుతోంది. కంటి శిబిరానికి వచ్చినవాళ్లలో ఎక్కువ మంది పెద్దవాళ్లే. నోటుబుక్కులకు దుబాయ్‌లో, అమెరికాలో ఉన్న మన పిల్లలు డబ్బు పంపారు. జమాఖర్చుల పట్టిక విడిగా ఇచ్చాం, బిల్లులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు.

మార్చిలో హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిని ట్రిపుల్ ఆర్ దాకా పెంచారు. వెంచర్ ఫైలు ఇప్పుడు ఏ టేబుల్ మీద ఉందో ముందు కనుక్కోవాలి. అర్జీలన్నీ మళ్లీ ఆ చిరునామాకు పంపాలి. ఎఫ్‌టీఎల్ సర్వేకు తేదీ ఇచ్చిన రోజు పడమటి వైపు రైతులు, ప్లాట్లు కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు కూడా అక్కడ ఉండాలని కార్యవర్గం కోరుతోంది. వెదురు పుల్లలు పశువులు తొక్కేశాయి. ఫొటోల నకళ్లు, లొకేషన్ల జాబితా కార్యదర్శి దగ్గర ఉన్నాయి. ఈ ఏడాది సభ్యత్వ రుసుము బకాయి ఉన్నవాళ్లు సర్వసభ్య సమావేశం లోపు కట్టి రసీదు తీసుకోగలరు.

— కార్యవర్గం తరఫున, కార్యదర్శి