వచ్చే సీజన్ ట్రౌట్ ట్రిప్: ఈసారి ఒకే దీవి, ఎందుకో చెబుతాను

మనతో ట్రౌట్ అనే చేపలకి గాలం వేసే ట్రిప్‌లకు వచ్చినవాళ్లకీ, రావాలనుకుంటున్నవాళ్లకీ నమస్తే. వచ్చే సీజన్ వివరాలు ఎప్పుడు పెడతారని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు ఉన్నదున్నట్టు ఇక్కడే రాసేస్తున్నాను. మూడు దీవులు చుట్టే ప్యాకేజీ ఈసారి లేదు. స్కాట్లాండ్ పడమటి తీరం అవతల ఉన్న సౌత్ యూయిస్ట్ ఒక్కటే, శనివారం నుంచి శనివారం దాకా, గ్రూపుకి ఆరుగురే. రేటు కూడా కొంచెం పెరిగింది, ఆ సంగతీ చెబుతాను.

ఉత్తరాన ఉన్న లూయిస్, హారిస్ కూడా కలిపితే బాగుంటుంది కదా అని అడిగారు కొందరు. చూడ్డానికే వెళ్తే బాగానే ఉంటుంది. చేపల కోసమైతే కుదరదు, ఎందుకంటే అక్కడ గాలి ఎలా ఉంటే మన ప్లాన్ అలా మారుతుంది, సామాన్లు సర్దుకుని ఫెర్రీ క్యూలో కూర్చున్న రోజే మబ్బు పట్టి మంచి గాలి వీస్తుంది, తీరా కొత్త దీవిలో దిగేసరికి ఎండ కాసి నీళ్లలో కదలిక ఉండదు. ఒకేచోట ఉంటే పొద్దున లేచి ఆకాశం చూసి, ఈరోజు ఏ సరస్సుకి వెళ్దామో అప్పుడు తేల్చుకోవచ్చు. వారంలో రెండు రోజులు పాడైనా మిగతా రోజులు చేతిలో ఉంటాయి.

మరి సౌత్ యూయిస్టే ఎందుకు? ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాకు ఆ దీవి మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం ఇదే. దీవి పడమటి ఒడ్డంతా గుల్లల పొడి కలిసిన తెల్లటి ఇసుక. అట్లాంటిక్ మీంచి వచ్చే గాలి ఆ ఇసుకని వేల ఏళ్లుగా లోపలికి ఎగరేసి పరిచింది, దాని మీద గడ్డి, పూలు మొలిచిన ఆ మైదానాన్ని అక్కడ మాహర్ అంటారు. గుల్ల అంటే సున్నమే. ఆ సున్నం నీళ్లలో కలుస్తుంది కాబట్టి ఆ పక్కనున్న సరస్సుల్లో నత్తలు, చిన్న చిన్న రొయ్య జాతి పురుగులు విపరీతంగా పెరుగుతాయి, అవి తిని బ్రౌన్ ట్రౌట్ బాగా బలుస్తుంది. గ్రోగరీ, స్టిల్లిగరీ, బోర్నిష్, కిల్డోనన్ సరస్సులు ఈ కోవలోవే. వీటిలో పౌను (దాదాపు అర కిలో) బరువు చేప మామూలే, రెండు మూడు పౌన్లదీ అప్పుడప్పుడూ పడుతుంది. అక్కడి నుంచి తూర్పు వైపు కొండల్లోకి కాసేపు కారులో వెళ్తే నేలంతా పీట్, అదే కుళ్లిన నాచుతో తయారైన నల్లమట్టి. నీళ్లు డికాక్షన్ రంగులో ఉంటాయి, వాటిలో పులుపు ఎక్కువ, తిండి తక్కువ. అక్కడి ట్రౌట్ జానెడు కూడా ఉండదు కానీ ఆకలి మీద ఉంటుంది, వేసిన ప్రతి ఫ్లై (కొక్కేనికి ఈకలతో పురుగులా కట్టిన ఎర) మీదికీ దూకుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లని మొదటిరోజు మేం కొండల వైపే తీసుకెళ్లేది అందుకే, చేతికి చేప తగిలితే ఉత్సాహం వస్తుంది. రెండు రకాల నీళ్లూ ఇంత దగ్గరదగ్గరగా, ఒకే దీవిలో. పైగా ఈ చేపలన్నీ అక్కడే పుట్టి పెరిగినవి, ఎవరో తొట్లలో పెంచి తెచ్చి వదిలినవి కావు.

ఉత్తరాన లాఖ్ బీ ఉంది, దీవిలో అన్నిటికంటే పెద్ద సరస్సు. చాలాచోట్ల లోతు నడుం దాకా కూడా ఉండదు. గాలి కుదిరితే ఒక పూట అక్కడ పడవ వేస్తాం.

పడవలో ఇద్దరు గాలం వేస్తారు, ఒక గైడ్ ఉంటాడు. పడవని గాలికి అడ్డంగా వదిలేస్తే అదే మెల్లగా కొట్టుకుపోతుంది, మనం గాలి వాలుకి ముందుకి లైన్ విసురుతూ ఉండాలి. ఒకే దారానికి మూడు ఫ్లైలు కడతాం. అన్నిటికంటే పైన కట్టేది బొద్దుగా, ఈకలు ఎక్కువున్న ఫ్లై, మా పెట్టెలో అది ఎక్కువగా బిబియో: నల్లటి ఒళ్లు, మధ్యలో ఒక ఎర్ర పట్టీ. కేట్ మెక్‌లారెన్ అనే ఫ్లై కూడా అంతే బాగా పనిచేస్తుంది. లైన్ లాక్కుంటూ వచ్చి చివర్లో వెంటనే పైకి ఎత్తేయకండి. రాడ్ మెల్లగా లేపి, ఆ పై ఫ్లై నీటి మీద గీత గీస్తున్నట్టుగా రెండు మూడు సెకన్లు ఆపండి. అంతదాకా వెనకే వచ్చి ఊరుకున్న చేప చాలాసార్లు సరిగ్గా అక్కడే, పడవకి రెండు గజాల దూరంలో నోరు తెరుస్తుంది. అది కంటితో చూశాక ఇంకో మూడు గంటలు వానలో కూర్చోమన్నా కూర్చుంటారు, ఇది నిజం.

గాలి అవసరం అన్నాను కదా, ఎక్కువైతే మాత్రం పడవ తీయం. డబ్బు కట్టాం కదా అని ఎవరు ఒత్తిడి చేసినా తీయం. అలాంటి రోజు ఒడ్డు నుంచే వేస్తాం. మాహర్ సరస్సుల అడుగు ఎక్కువగా గట్టి ఇసుక కాబట్టి దిగి నిలబడొచ్చు, కొండల వైపు మాత్రం గైడ్ చెప్పినచోటే అడుగు పెట్టాలి, మట్టి దిగబడుతుంది. లైఫ్ జాకెట్, కళ్లద్దాలు లేకుండా ఎవరినీ పడవ ఎక్కనివ్వం. అద్దాలు ఎండ కోసం కాదు, గాలికి వెనక్కి తిరిగే కొక్కెం కోసం.

బ్రౌన్ ట్రౌట్ సీజన్ స్కాట్లాండ్‌లో మార్చి 15 నుంచి అక్టోబర్ 6 వరకు. పిల్లల సెలవులు ఆగస్టులో కదా, అప్పుడు పెట్టండి అని అడిగినవాళ్లున్నారు. మాకూ అప్పుడైతే సీట్లు త్వరగా నిండుతాయి. కానీ లోతు తక్కువున్న ఈ సరస్సుల్లో ఎండాకాలం ముదిరేకొద్దీ నాచు పెరిగిపోయి గాలం చిక్కుకుంటుంది. అందుకే మే ఆఖరి వారం, జూన్ మొదటి రెండు వారాలు మాత్రమే పెడుతున్నాం. జూన్‌లో రాత్రి పదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, అన్నం తిన్నాక కూడా ఓ గంట గాలం వేసుకోవచ్చు. గాలి పడిపోతే మిడ్జ్ అనే చిన్న దోమల్లాంటి కుట్టే పురుగులు ముసురుతాయి, తలకి వేసుకునే వల మేమే ఇస్తాం.

ఆదివారం గాలం వేయం. సాల్మన్, సముద్రానికి వెళ్లొచ్చే సీ ట్రౌట్‌కైతే స్కాట్లాండ్‌లో ఆదివారం వేట చట్టప్రకారమే నిషేధం. బ్రౌన్ ట్రౌట్‌కి చట్టం అడ్డు రాదు, అయినా ఈ దీవుల్లో ఆదివారానికి ఉన్న మర్యాదని మేం పాటిస్తాం. ఆరోజు బీచ్, నడక, విశ్రాంతి.

ఇంగ్లండ్ నుంచి వచ్చేవాళ్లు దాదాపు అందరూ అడిగేది రాడ్ లైసెన్స్ గురించి. మీ లైసెన్స్ ఇక్కడ పనికిరాదు, ఇక్కడ దాని అవసరమూ లేదు. స్కాట్లాండ్‌లో ఆ నీటి మీద హక్కున్నవాళ్ల అనుమతి కావాలి. సౌత్ యూయిస్ట్‌లో భూమి చాలావరకు 2006 నుంచి దీవి జనానిదే, స్టోరస్ యూవిస్ట్ అనే సంస్థ పేరు మీద వాళ్లే కొనుక్కున్నారు. పర్మిట్లు మేం తీసుకుంటాం, ఆ ఖర్చు ప్యాకేజీలోనే ఉంది.

ఇక చేపల పులుసు. పర్మిట్ రూల్స్ ఒప్పుకుంటే గ్రూపు మొత్తానికి ఒక పూట కూరకి సరిపడా ఉంచుకుంటాం, మిగతావన్నీ తడి చేత్తో పట్టుకుని నీళ్లలోకే వదిలేయాలి. ఐస్ బాక్స్ నింపుకుని లండన్ తీసుకెళ్దామనుకునేవాళ్లు దయచేసి మాతో రావద్దు. ఆ చేపలు అక్కడ ఉంటేనే వచ్చే ఏడాది మనం మళ్లీ వెళ్లగలం.

ఎక్కువ టెన్షన్ పెట్టేది ఫెర్రీ. స్కాట్లాండ్ ప్రధాన భూభాగంలోని మల్లేగ్ నుంచి సౌత్ యూయిస్ట్ రేవు లాఖ్‌బోయిస్‌డేల్‌కి నేరుగా మూడున్నర గంటలు, కానీ ఆ రూటుని నమ్ముకుని మేం బుక్ చేయం. 2023 జూన్‌లో దాదాపు నెలంతా ఆ సర్వీసు లేకుండా పోయి, దీవి జనం కార్లు వేసుకొచ్చి రేవు దగ్గర నిరసన చేశారు. అందుకే స్కై దీవిలోని ఊయిగ్ నుంచి నార్త్ యూయిస్ట్ దీవిలోని లాఖ్‌మాడీకి వెళ్లే ఫెర్రీ ఎక్కుతాం, గంటా నలభై అయిదు నిమిషాలు. అక్కడి నుంచి బెన్‌బెక్యులా దీవి మీదుగా సముద్రంలో కట్టిన కట్టల మీద రోడ్డే. గ్లాస్గో నుంచి ఊయిగ్‌కి కారులో ఆరు గంటలు వేసుకోండి. తుఫానుకి ఫెర్రీ రద్దయితే ఆ రాత్రి స్కైలో గది మేం చూస్తాం, ఖర్చు చెరి సగం. సోమవారం ఆఫీసులో ముఖ్యమైన మీటింగ్ ఉన్నవాళ్లు ముందే ఆ రోజుకి సెలవు పెట్టుకోండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని తీసుకురావచ్చా అంటే, రావచ్చు. బెన్‌బెక్యులాలో ఆసుపత్రి ఉంది, ఇంట్లో హీటింగ్ బాగుంటుంది. పడవ ఎక్కాలా ఒడ్డున కూర్చోవాలా అన్నది వాళ్ల ఇష్టం. జూన్‌లోనూ స్వెట్టర్, వాన కోటు తప్పనిసరి. పదేళ్లలోపు పిల్లలని మాత్రం పడవ ఎక్కించం. పడవ దొరకదని తెలిసి కూడా పిల్లలని తెచ్చుకుంటామంటే కొండ సరస్సుల ఒడ్డున వాళ్ల కోసం చిన్న రాడ్లు సిద్ధంగా ఉంటాయి.

రేటు మనిషికి 90 పౌన్లు పెరిగింది. ఇల్లు అద్దె, గైడ్ల కూలి పెరగడమే కారణం. గైడ్లు అక్కడివాళ్లే, వాళ్ల దగ్గర బేరమాడటం నాకు ఇష్టం లేదు. గ్రూపుని ఎనిమిదికి పెంచితే రేటు పెంచక్కర్లేదు, కానీ అప్పుడు మూడో మనిషిని పడవలోకి ఎక్కించాలి, లైన్లు చిక్కుపడతాయి, కొత్తవాళ్లకి ఎవరూ నేర్పలేరు.

పేరు ఇవ్వాలనుకునేవాళ్లు ఏ వారం కావాలో, మీ ఎత్తు, చెప్పుల సైజు, ఇంతకుముందు ఫ్లై వేశారా లేదా అన్నది వాట్సాప్‌లో పంపండి. సొంత రాడ్లు, బూట్లు తెచ్చేవాళ్లు బయలుదేరే ముందు వాటిని శుభ్రంగా కడిగి పూర్తిగా ఆరబెట్టండి, వేరే నీళ్లలోని పరాన్నజీవులు ఆ సరస్సుల్లోకి చేరకూడదు. పాతవాళ్లకి పది రోజులు ముందు అవకాశం ఇస్తాం, తర్వాత మిగిలిన సీట్లు అందరికీ.