ఏడుగురు ఎక్కే బండికి చిన్న కారు రిపోర్టు: సరిదిద్దమని ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,
పాత కార్ల అమ్మకాల విభాగం, విజయవాడ శాఖ

విషయం: 2016 మోడల్ మహీంద్రా ఎక్స్‌యూవీ500 డబ్ల్యూ8 డీజిల్ మాన్యువల్ బండికి మీరిచ్చిన తనిఖీ రిపోర్టులోని తప్పులు, వదిలేసిన అంశాలు, అడ్వాన్సు వాపసు గురించి.

అయ్యా,

మీ రిపోర్టు మూడో పేజీలో "డిక్కీలో స్టెప్నీ గుంత పొడిగా ఉంది, తుప్పు లేదు" అని టిక్కు పెట్టి ఉంది. ఈ బండికి డిక్కీలో స్టెప్నీ గుంతే లేదు. స్టెప్నీ బండి అడుగున, వెనక బంపరు కింద వేలాడుతూ ఉంటుంది. లేని గుంత పొడిగా ఉందని రాశారంటే ఆ టిక్కు చిన్న కార్ల ఫారంలోదే, ఈ బండిని చూసి పెట్టింది కాదు. ఇక మిగతా టిక్కులను ఎలా నమ్మాలి? మా ఫిర్యాదుకు మొదలు అదే.

మేము ఆటోనగర్‌లో పాత బండ్లు కొనే కుటుంబాలకు బండి చూసిపెట్టే మెకానిక్‌లం. అడ్వాన్సు కట్టిన కొనుగోలుదారు అడిగితే, మీ సిబ్బంది పక్కన ఉండగానే ఈ బండిని లిఫ్ట్ ఎక్కించి చూశాం. మేము చూసినవి, మీ రిపోర్టులో ఉండాల్సినవి ఇక్కడ రాస్తున్నాం. కొనుగోలుదారు సంతకం చేసిన కాపీ జతచేశాం.

నీళ్ళ సంగతితోనే మొదలుపెడతాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు కాలనీల్లో బండ్లు రోజుల తరబడి నీళ్ళలో నిలిచాయి. ఆ తర్వాత ఈ ఊళ్ళో పాత కారు కొనే ప్రతివాళ్ళూ మొదట అడిగేది "నీళ్ళలో మునిగిందా" అనే. ఈ బండిలో ఆ ఆనవాళ్ళు వెతకాల్సిన చోట్లు వేరు. ముందు సీటు బెల్టును చివరిదాకా లాగితే, మునిగిన బండి అయితే చుట్టలో లోపలున్న భాగం మీద బురద గీత కనిపిస్తుంది. సీటు పట్టాల బోల్టులు, మూడో వరుస సీటు మడత ఇనుము, డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజు పెట్టె కనెక్టర్లలో పచ్చటి చిలుము చూడాలి. కార్పెట్ పైన తడి లేకపోతే సరిపోదు, దాని కింది స్పాంజిని వేలితో నొక్కాలి. ఇవన్నీ చూశాక మాకు ఈ బండి మునిగిన గుర్తులు కనిపించలేదు. ఆ మాట మీకు మేలు చేసేదే, అయినా రాస్తున్నాం. కానీ చూడకుండానే మునగలేదని సర్టిఫికెట్ ఇవ్వడం తప్పు.

రెండోది ఇంజిన్ సీసీ. రిపోర్టులో 2,179 సీసీ అని ఉంది. ఆర్‌సీలో 2,000 కన్నా తక్కువ ఉంది. ఇది అచ్చుతప్పు కాదు. ఢిల్లీ, చుట్టుపక్కల ఎన్‌సీఆర్ ప్రాంతంలో 2,000 సీసీ, ఆపైన డీజిల్ బండ్ల కొత్త రిజిస్ట్రేషన్లను సుప్రీంకోర్టు 2015 డిసెంబరు నుంచి 2016 ఆగస్టు వరకు ఆపింది. అక్కడ అమ్మడానికే 1.99 లీటర్ ఇంజిన్‌తో ఎక్స్‌యూవీ500 తెచ్చారు. అంటే మీరు అమ్ముతున్నది ఆ కొద్ది కాలపు బండి. ఇంజిన్ లోపలి సామాను ఆర్డరు పెట్టేటప్పుడు 2.2 లీటర్‌దే సరిపోతుందనుకుంటే పొరపాటే, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు చెప్పి తెప్పించుకోవాలి. కొనేవాళ్ళకు ఈ మాట ముందే తెలియాలి.

ఈ బండిది ఢిల్లీ నంబరు కాబట్టి ఇంకో లెక్క కూడా ఉంది. ఢిల్లీలో 10 ఏళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదన్నది ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) 2015లో ఇచ్చిన ఆదేశం, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అందుకే 10 ఏళ్ళు దగ్గరపడ్డ డీజిల్ ఎస్‌యూవీలకు అక్కడ ధర పడిపోయేది, అవి ఇటు వచ్చేవి. వస్తే తప్పేమీ లేదు. అయితే ఇక్కడ నంబరు మార్చాలంటే అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, అప్పు ఉంటే బ్యాంకు ఇచ్చే ఫారం 35, పేరు మార్పుకు ఫారం 29, 30, ఆపైన బండి వయసును బట్టి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కావాలి. మీరు చెప్పిన ధరలో ఈ పన్ను లేదు, ఆ సంగతి రిపోర్టులోనూ లేదు. తక్కువ ధర అని చూసి వచ్చిన కుటుంబం ఆర్‌టీఏ కౌంటరు దగ్గర అసలు లెక్క తెలుసుకోవడం న్యాయం కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, పాత యజమాని బండిని అధీకృత డీలరుకు అప్పగించినప్పుడు ఫారం 29సి దాఖలు కావాలి. దాని కాపీ అడిగాం, ఇంతవరకు ఇవ్వలేదు.

ఇప్పుడు ఖర్చు ఎక్కువయ్యే చోటు, క్లచ్. మీ రిపోర్టులో "క్లచ్: బాగుంది" అన్న ఒక్క మాటే ఉంది. ఈ మాన్యువల్ బండికి మామూలు ఫ్లైవీల్ కాదు, డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉంటుంది. రెండు చక్రాల మధ్య స్ప్రింగులు పెట్టి, డీజిల్ ఇంజిన్ అదురు గేరుబాక్సుకు చేరకుండా చేసే పరికరం అది. ట్రాఫిక్‌లో సగం క్లచ్ మీద పాకించిన బండిలో ఈ స్ప్రింగులు, వాటి గ్రీజు వేడికి దెబ్బతింటాయి. ఎలా తెలుస్తుందంటే, ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు క్లచ్ వదిలి ఉంటే గరగర, తొక్కితే శబ్దం మారుతుంది. ఇంజిన్ ఆపిన క్షణంలో "టక్" అని ఒక కుదుపు వస్తుంది. ఈ బండిలో రెండూ ఉన్నాయి. క్లచ్ జారుతుందో లేదో చూడటం వేరు: గంటకు 40 కిలోమీటర్ల దగ్గర నాలుగో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఆర్‌పీఎం ఎగబాకి వేగం పెరగకపోతే ప్లేటు అయిపోయినట్టు. ఈ బండిలో ప్లేటు జారడం లేదు, ఫ్లైవీల్ మాత్రం పోయింది. మీ తనిఖీలో రెండోది చూడనందువల్లే "బాగుంది" అని వచ్చింది.

ఈ పనికి గేరుబాక్సు కిందికి దించాలి. ముందు చక్రాలు నడిపే అడ్డ ఇంజిన్ కాబట్టి యాక్సిళ్ళు విప్పాలి, కూలీ ఎక్కువ. ఒకసారి విప్పాక క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా మార్చకపోతే మళ్ళీ అదే కూలీ కట్టాలి. ఈ మొత్తం పని ఎంతవుతుందో అధీకృత వర్క్‌షాపు అంచనా తెచ్చి ధరలో తగ్గించండి. పైగా మీ వారంటీలో క్లచ్, ఫ్లైవీల్, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపేది), బుష్‌లు (సస్పెన్షన్ కీళ్ళలోని రబ్బరు ముక్కలు) "అరిగే భాగాలు" కింద మినహాయించారు. క్లచ్ ప్లేటు అరిగే భాగమే, ఒప్పుకుంటాం. ఫ్లైవీల్, టర్బో అరిగే భాగాలెలా అవుతాయి? వయసైన డీజిల్ ఎస్‌యూవీలో డబ్బు పోయేది వాటి దగ్గరే, వాటినే వదిలేస్తే ఆ వారంటీ దేనికి?

ఇంజిన్‌ను మీరు వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూశారు, ఫొటోలో టెంపరేచర్ ముల్లు సగంలో ఉంది. డీజిల్ ఇంజిన్‌ను రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున బానెట్ మీద చెయ్యిపెట్టి చల్లగా ఉందని తెలుసుకున్నాకే స్టార్ట్ చేయాలి. టైమింగ్ చెయిన్ సాగితే మొదటి రెండు మూడు సెకన్లు గొలుసు గలగల వినిపిస్తుంది, వేడెక్కాక వినిపించదు. నీలి పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోందని, తెల్ల పొగ పోకుండా ఉండి కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ అనుమానించాలని, తొక్కినప్పుడు నల్ల పొగ వచ్చి లాగుడు తగ్గితే టర్బో గాలి ఎక్కడో లీకవుతోందని అర్థం. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోస్ చీలితే ఈ నల్ల పొగ వస్తుంది, పెద్ద ఖర్చు కాదు. టర్బో లోపలి రెక్కలకు (వేన్లకు) మసి పట్టి ఇరుక్కుంటే మాత్రం పెద్ద పని. తేడా తెలియాలంటే మూడో గేరులో 1,500 నుంచి 3,500 ఆర్‌పీఎం వరకు పూర్తిగా తొక్కి చూడాలి. లాగుడు మధ్యలో తెగకూడదు, హెచ్చరిక దీపం వెలగకూడదు. ఈ బండి ఈ పరీక్షలో బాగానే లాగింది.

సస్పెన్షన్ గురించి మీరు రాసింది "శబ్దం లేదు". యార్డు సిమెంటు నేల మీద ఏ బండికీ శబ్దం రాదు. ఖాళీగానే 1,700 కిలోల పైమాటైన బండి, ఏడుగురు ఎక్కితే రెండు టన్నులు దాటుతుంది. వెనక మల్టీలింక్, బుష్‌లు చాలా. అద్దాలు దించి గుంతల రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్లలో నడిపితే ఈ బండి ముందు ఎడమ వైపు లింక్ రాడ్ టకటకమంటోంది, లోయర్ ఆర్మ్ బుష్ రబ్బరు చీలి ఉంది. దానివల్లే ముందు టైర్ల లోపలి అంచు అరిగింది. నిలబడి చూస్తే కనిపించదు, చక్రం పూర్తిగా తిప్పి చెయ్యి లోపలికి పెట్టి తడమాలి. మీరు "ట్రెడ్ 60 శాతం" అని రాసిన కొలత టైరు మధ్యలోది. టైరు సైజు 235/65 ఆర్17. పక్కన నాలుగు అంకెల కోడ్‌లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఆరేళ్ళు దాటిన టైరుతో, ట్రెడ్ ఎంత ఉన్నా సరే, హైవే మీద కుటుంబాన్ని తీసుకెళ్ళమని మేము చెప్పం. రిపోర్టులో ఆ కోడ్ లేదు.

మీ ప్రకటనలో "ఉమ్మడి కుటుంబానికి సరైన బండి" అని ఉంది. కుటుంబం కొనేదే ఆ మాట చూసి. మూడు వరుసలూ వాడితే డిక్కీ 93 లీటర్లే. రెండు బ్యాగులు కూడా కష్టం. మూడో వరుస మడిస్తే 702 లీటర్లు. అంటే ఏడుగురు తిరుపతికి బయల్దేరితే సామాను పైన క్యారియరు మీదే. మూడో వరుసలో పిల్లలే సుఖంగా కూర్చుంటారు, పెద్దవాళ్ళకు మోకాళ్ళు పైకి వస్తాయి. అక్కడ ఏసీ చల్లదనం మే నెల మధ్యాహ్నం కొలిచి రాయాలి గానీ ముందు గాలి ఒక్కటే చూస్తే కాదు. 200 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ మంచిదే, అయితే మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఎక్కడం ఎత్తు. చిన్నపిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఈ బండికి ఉన్నాయో లేవో చేత్తో తడిమి చూసి రాయండి.

డబ్ల్యూ8కి ఆరు ఎయిర్‌బ్యాగులు. మీ యార్డులో ముందు సీట్లకు కొత్త కవర్లు కుట్టించి తొడిగారు. సీటు పక్కనుంచి విచ్చుకునే బ్యాగు కుట్టు మీద మందపాటి రెగ్జిన్ కవర్ పడితే అది సరిగ్గా విచ్చుకోకపోవచ్చు. ఆ కవర్లు తీసేయండి. ఇగ్నిషన్ వేయగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొన్ని సెకన్లలో ఆరాలి. అసలు వెలగకపోతే అది నిశ్చింత కాదు, ఎవరో తీగ తెంపారేమోనని అనుమానించాలి. ఈ బండిలో సరిగ్గానే వెలిగి ఆరింది.

2011లో వచ్చిన ఈ మోడల్‌ను 2021లో ఆపేశారు. మీ సేల్స్ వాళ్ళు "కంపెనీ నడుస్తోంది, విడిభాగాలకు కొరత ఉండదు" అని చెప్పారు. అందులో సగం నిజం. ఈ మోడల్‌లో వాడిన మహీంద్రా ఎంహాక్ ఇంజిన్ కుటుంబం స్కార్పియోలోనూ ఉంది కాబట్టి 2.2 లీటర్ బండికి ఫిల్టర్లు, బెల్టులు, చాలా ఇంజిన్ సామాను సులువుగా దొరుకుతాయి. హెడ్‌లైటు, టెయిల్ లైటు, తలుపు లోపలి ట్రిమ్, టచ్ స్క్రీన్ ఈ మోడల్‌కే చెందినవి, వాటి కోసం వెతకాలి, ఎదురుచూడాలి. కాబట్టి ఇలాంటి బండిలో ప్రతి లైటు, ప్రతి స్విచ్చు, రివర్స్ కెమెరా, ఏడు సీటు బెల్టులు ఒక్కొక్కటే చూసి రాయాలి. ఈ బండి కుడి టెయిల్ లైటుకు లోపల తేమ పట్టింది. రిపోర్టులో "బాగుంది".

మేము కోరేవి ఇవి. కొనుగోలుదారు అడ్వాన్సు ఈ లేఖ అందిన 15 రోజుల్లో పూర్తిగా వాపసు ఇవ్వండి. లేదా ఫ్లైవీల్‌తో సహా క్లచ్ సెట్, ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు, రెండు ముందు టైర్లు, టెయిల్ లైటు మార్చి, వీల్ అలైన్‌మెంట్ కాగితం, విడిభాగాల బిల్లులు ఇచ్చి, లైఫ్ ట్యాక్స్ ఎవరు కడతారో రాతపూర్వకంగా చెప్పండి. ఫారం 29సి, ఎన్‌ఓసీ కాపీలు ఇవ్వండి. వెబ్‌సైటులో సీసీ, స్టెప్నీ గుంత వివరాలు ఇప్పుడే సరిచేయండి, ఆ రిపోర్టు చూసి రేపు ఇంకో కుటుంబం అడ్వాన్సు కట్టొచ్చు. ఏడు సీట్ల డీజిల్ బండ్లకు చల్లని స్టార్ట్, ఫ్లైవీల్, టర్బో, లిఫ్ట్ మీద బుష్‌ల తనిఖీ, మూడో వరుస ఏసీ ఉన్న వేరే ఫారం పెట్టండి. ఆ ఫారం తయారీకి మేము వచ్చి కూర్చుంటాం, ఫీజు అక్కర్లేదు.

గడువులోగా జవాబు రాకపోతే కొనుగోలుదారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరులో ఫిర్యాదు నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవాలోపం, తప్పుదారి పట్టించే ప్రకటన అన్న రెండు అంశాల మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతారు. లిఫ్ట్ మీద తీసిన ఫొటోలు, ఇంజిన్ ఆపినప్పటి శబ్దం రికార్డు చేసిన వీడియో మా దగ్గర ఉన్నాయి. మీ ఇంజనీరును పంపితే అదే బండిని అదే లిఫ్ట్ మీద మళ్ళీ ఎక్కించి చూపిస్తాం. ముందురోజు రాత్రి నుంచి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచండి.

ఇట్లు,
కొనుగోలుదారు తరఫున బండి తనిఖీ చేసిన మెకానిక్‌లు,
ఆటోనగర్, విజయవాడ

జతచేసినవి: మీ తనిఖీ రిపోర్టు కాపీ, ఆర్‌సీ కాపీ, అడ్వాన్సు రసీదు, టైర్లు, బుష్‌ల ఫొటోలు.