టైమింగ్ బెల్టు మార్పిడి: సగం పనితో సరిపెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

కారు సంరక్షణ గురించి అచ్చయ్యే సలహాలు చాలావరకు ఇంజన్ ఆయిలు, టైర్లు, బ్యాటరీ దగ్గరే ఆగిపోతుంటాయి. టైమింగ్ బెల్టు ఊసు అరుదుగా వస్తుంది. కవరు వెనక కంటికి కనబడకుండా తిరిగే ఈ బెల్టు తెగబోయే ముందు చాలాసార్లు ఏ సూచనా ఇవ్వదు. తెగాక మాత్రం చాలా ఇంజన్లలో హెడ్, అంటే వాల్వులుండే పై భాగం, విప్పక తప్పని పరిస్థితి తెస్తుంది. అందుకే ఈ వివరాలు పాఠకుల ముందు పెట్టమని కోరుతున్నాను.

పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా రెండింటినీ కట్టి ఉంచేది పళ్లున్న ఆ రబ్బరు బెల్టే. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోందంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటోందన్నమాట. చాలా ఇంజన్లలో వాల్వు తెరుచుకుని దిగే చోటికే పిస్టన్ కూడా పైకి వస్తుంది. రెండూ వేర్వేరు క్షణాల్లో వస్తాయి కాబట్టి తగలవు. బెల్టు తెగగానే క్యామ్ ఆగిపోతుంది, బండి వేగానికి క్రాంక్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. తెరుచుకుని ఉండిపోయిన వాల్వులను పిస్టన్లు గుద్దుతాయి. వాల్వులు వంగిపోతాయి, అవి జారే గైడులు పగులుతాయి, ఒక్కోసారి పిస్టన్ తలే చితికిపోతుంది. కొన్ని పెట్రోలు ఇంజన్లలో ఈ రెండింటి మధ్య ఖాళీ ఉంటుంది, వాటిలో బండి ఆగిపోవడంతో సరిపోతుంది. డీజిల్ ఇంజన్లలో అలాంటి ఖాళీ మీద ఆశ పెట్టుకోకూడదు. బెల్టు బదులు చైను ఉన్న కార్లకు సాధారణంగా ఇలా గడువు పెట్టి మార్చే గొడవ ఉండదు, కాబట్టి మనది ఏ రకమో ముందు తెలుసుకోవాలి.

ఎప్పుడు మార్చాలన్నది కంపెనీ మాన్యువల్ చెబుతుంది. ఇంజన్ను బట్టి అది 60,000 కిలోమీటర్లు కావచ్చు, 1,60,000 కావచ్చు. కిలోమీటర్ల పక్కనే ఏళ్ల గడువు కూడా ఉంటుంది, రెండింటిలో ఏది ముందొస్తే అదే లెక్క. ఎక్కువగా షెడ్డులోనే ఉండే బండికి ఏళ్ల గడువే వర్తిస్తుంది, ఎందుకంటే తిరగకపోయినా రబ్బరుకు వయసు పైబడుతుంది. దుమ్ము, విపరీతమైన వేడి, గంటల తరబడి ఐడ్లింగ్ (ఆగి ఉన్నా ఇంజన్ తిరగడం) ఉండే బండికి కొన్ని మాన్యువళ్లు వేరే గడువు, ఇంకా తక్కువది, ఇస్తాయి. కవరు తీసి చూసి ‘బాగానే ఉంది, ఇంకో ఏడాది నడుస్తుంది’ అనే మాట నమ్మదగింది కాదు. పాతకాలపు బెల్టుల మీద పగుళ్లు కనబడేవి. ఇప్పటి హైడ్రోజనేటెడ్ నైట్రైల్ రబ్బరు బెల్టులు లోపలి గాజుపీచు తాళ్లు అలిసిపోయినా పైకి కొత్తవాటిలాగే ఉంటాయి. సెకండ్ హ్యాండు కారు కొన్నప్పుడు బెల్టు మార్చినట్టు బిల్లు చేతిలో లేకపోతే మార్చలేదనే అనుకోవాలి.

ఇక అసలు విషయం. గడువు రాగానే బెల్టు ఒక్కటే కొని వేయించేవాళ్లు చాలామంది ఉన్నారు. బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్, దారి మళ్లించే ఐడ్లర్ పుల్లీలు, చాలా ఇంజన్లలో ఇదే బెల్టు మీద తిరిగే వాటర్ పంపు కూడా అన్ని కిలోమీటర్లూ తిరిగినవే. ఇంజన్ నడిచినంతసేపూ పుల్లీలు వేగంగా తిరుగుతూనే ఉంటాయి. వాటి బేరింగుల్లో గ్రీజు తయారైననాడు పెట్టిందే, మళ్లీ పెట్టే వీలుండదు. కొత్త బెల్టు పూర్తి బిగువుతో ఆ పాత బేరింగు మీద పడితే కొన్ని నెలల్లోనే అది కూత పెట్టి పట్టేయొచ్చు. పుల్లీ పట్టేసినా, వాటర్ పంపు బిగుసుకుపోయినా కొత్త బెల్టు పళ్లు రాలిపోతాయి. అప్పుడు జనం బెల్టును తిడతారు. వాటర్ పంపు సీలు కారి కూలెంట్ (ఇంజన్ను చల్లబరిచే ద్రవం) బెల్టు మీద పడినా అదే గతి. కూలి అంతా విప్పి బిగించడానికే కాబట్టి, పంపు విడిగా పాడైతే అదే కూలి రెండోసారి కట్టాలి. బెల్టు, టెన్షనర్, ఐడ్లర్లు, పంపు, దాని గ్యాస్కెట్, కొత్త కూలెంట్, ఇవన్నీ ఒకే విడత మారాలి. క్రాంక్, క్యామ్ ఆయిల్ సీళ్ల దగ్గర చెమ్మ కనబడితే అవీ మార్చాలి. సాగేలా బిగించే బోల్టులను, అంటే చెప్పినంత బిగువు (టార్క్) ఇచ్చాక ఇంకా ఇన్ని డిగ్రీలు తిప్పమని మాన్యువల్ చెప్పే రకాన్ని, కంపెనీ కొత్తవి వేయమంటే తిరిగి వాడకూడదు.

పార్టు కొనేటప్పుడు మోడల్ పేరు చెబితే చాలదు. ఒకే మోడల్లో రెండు మూడు ఇంజన్లు ఉంటాయి, తయారీ సంవత్సరం మధ్యలో బెల్టు మారిన సందర్భాలూ ఉన్నాయి. ఛాసిస్ నంబరుతో పార్టు నంబరు తీయించి, పాత బెల్టు పక్కన పెట్టి పళ్ల సంఖ్య, వెడల్పు, పంటి ఆకారం సరిచూడాలి. గేట్స్, కాంటినెంటల్, డేకో, బాండో, మిత్సుబోషి వంటివి బెల్టుల తయారీలో పేరున్న కంపెనీలు. బేరింగుల్లో ఐఎన్ఏ, ఎస్‌కేఎఫ్, ఎన్‌టీఎన్, కోయో, పంపుల్లో ఐసిన్, జీఎంబీ నమ్మదగినవి. కార్ల కంపెనీల డబ్బాల్లోనూ చాలాసార్లు ఇలాంటి తయారీదారుల సరుకే ఉంటుంది. బెల్టు, టెన్షనర్ వగైరా కలిపి అమ్మే కిట్టు కొంటే డబ్బా మీది పేరు చూసి ఊరుకోకూడదు. బెల్టు మంచిదై టెన్షనర్ ఏ పేరూ లేనిదైతే ఆ కిట్టు వద్దు. నా లెక్కలో పేరులేని బేరింగు మామూలు బెల్టు కన్నా ప్రమాదం.

చేత్తో చూసి తెలుసుకోగలిగినవీ ఉన్నాయి. టెన్షనర్ పుల్లీని వేలితో తిప్పితే లోపలి గ్రీజు కాస్త పట్టినట్టు మెత్తగా తిరిగి, చప్పుడు లేకుండా ఆగాలి. గలగలమంటూ చాలాసేపు తిరిగిందంటే గ్రీజు చాలనట్టు. పుల్లీ అంచు గరుగ్గా ఉంటే బెల్టు అంచును కోసేస్తుంది. బెల్టు పళ్ల మీది బట్ట ఎక్కడా లేవకూడదు, పక్కల దారాలు వేలాడకూడదు, వెనక అచ్చు స్పష్టంగా చదవగలిగేలా ఉండాలి. డూప్లికేటు డబ్బా మీద అక్షరదోషాలు, లేబులు మీదొక నంబరు, పార్టు మీద ఇంకో నంబరు దొరుకుతాయి. అసలుదో కాదో చూసే కోడు డబ్బా మీద ఉన్నచోట తయారీదారు చెప్పిన పద్ధతిలోనే స్కాన్ చేసి చూడాలి. మేకుకు తగిలించిన బెల్టు, రబ్బరు బ్యాండు వేసి మడిచిపెట్టిన బెల్టు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. గట్టిగా మడిస్తే లోపలి గాజుపీచు విరుగుతుంది, ఆ దెబ్బ బయటికి కనబడదు. కొన్నాళ్లకు బెల్టు సరిగ్గా ఆ మడత దగ్గరే కోసినట్టు తెగుతుంది.

బిగింపులో జరిగే పొరపాట్లు మూడు నాలుగే, కానీ ప్రతిదీ ఖరీదైనదే. ఇంజన్ చల్లబడ్డాక బ్యాటరీ నెగటివ్ తీసి, ఇంజన్ కింద చెక్క ముక్క పెట్టి జాకీతో ఆన్చాకే, ఇంజన్ను బండికి పట్టి ఉంచే మౌంటు విప్పాలి. విప్పకముందే ఒకటో సిలిండరు పిస్టనును పై చివరికి, లేదా మాన్యువల్ చెప్పిన చోటుకు తెచ్చి క్రాంక్, క్యామ్ మార్కులు కలిపి పెట్టుకోవాలి. క్రాంక్, క్యామ్ కదలకుండా పట్టే లాక్ పిన్నులు ఉన్న ఇంజన్లకు అవి తప్పనిసరి. కానీ పిన్నుల బలం మీద పుల్లీ బోల్టులు విప్పడం, బిగించడం చేయకూడదు, దానికి పుల్లీని పట్టే పనిముట్టు వేరే ఉంటుంది. బెల్టు తీశాక క్రాంక్‌ను గానీ క్యామ్‌ను గానీ ఊరికే తిప్పకూడదు. కొత్త బెల్టును స్క్రూడ్రైవరుతో పొడిచి ఎక్కించకూడదు. బాణం గుర్తు ఉంటే తిరిగే దిశకే వేయాలి, వదులంతా టెన్షనర్ ఉన్న వైపుకే రావాలి. ముల్లు ఉన్న టెన్షనర్లలో ముల్లును గాడికి సరిగ్గా తేవాలి, దాన్ని తయారీదారు చూపిన వైపే తిప్పాలి. బిగువు ఎక్కువైతే బెల్టు ఊళ పెడుతుంది, బేరింగులు పోతాయి. తక్కువైతే పన్ను దాటుతుంది. క్రాంక్ గేరుకు 20 పళ్లుంటే ఒక్క పన్ను తేడా అంటే 18 డిగ్రీలు. బండి స్టార్ట్ అయినా వణుకుతుంది, లాగదు, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది.

అందుకే కవర్లు మూయకముందు పానాతో క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి మార్కులూ టెన్షనర్ ముల్లూ మళ్లీ చూడాలి. మధ్యలో గట్టిగా అడ్డు తగిలితే ఆపేయాలి, అక్కడ వాల్వు పిస్టనుకు ఆనుకుని ఉండొచ్చు. ఈ రెండు చుట్లకు పట్టేది కొన్ని నిమిషాలే, తొందరలో దాన్నే వదిలేస్తారు. స్టార్టరు కొట్టి చూద్దాం అనేవారికి బండి ఇవ్వకండి.

తీసిన బెల్టు పారేయకముందు దాన్ని చదవాలి. ఒక పక్కే అరిగితే పుల్లీ వంకర. వీపు కాలి గట్టిపడితే పట్టేసిన ఐడ్లరు. ఉబ్బి మెత్తబడితే ఆయిలు కారుతోంది. కారణం సరిచేయకుండా కొత్తది వేస్తే మళ్లీ అదే కథ. ఆయిల్లోనే మునిగి తిరిగే బెల్టున్న కొన్ని చిన్న పెట్రోలు ఇంజన్ల సంగతి వేరు. వాటిలో మాన్యువల్ చెప్పిన గ్రేడు ఆయిలే పోయాలి. ఆలస్యంగా మార్చిన ఆయిలు, తప్పు ఆయిలు రబ్బరును పొట్టు లేపుతాయి. ఆ పొట్టు ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడి ఇంజన్‌కే ఎసరు పెడుతుంది.

సర్వీసు సెంటర్లకూ గ్యారేజీలకూ ఒక విన్నపం. ‘టైమింగ్ పని’ అని ఒక్క ముక్క రాసి బిల్లు ఇవ్వకండి. ఏ కంపెనీ బెల్టు, ఏ టెన్షనర్, ఏ పంపు వేశారో పార్టు నంబర్లతో రాయండి, తేదీ, కిలోమీటర్లు ఉన్న స్టిక్కరు బానెట్ కింద అంటించండి, పాత పార్టులు యజమాని చేతికివ్వండి. యజమానులు కూడా బండి అప్పగించేటప్పుడే ఇవి అడగాలి, పని అయ్యాక అడిగితే డబ్బాలు చెత్తలో ఉంటాయి.

ఇట్లు,
వాహన మరమ్మతు రంగంలో ఉన్న ఒక పాఠకుడు