ఛాత్రోపాధ్యాయుల సభాకంపాన్ని పట్టించుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న ఛాత్రోపాధ్యాయులకు పాఠ్యపథకం రాయడం నేర్పుతాం, బోధనోపకరణాల తయారీ నేర్పుతాం. తరగతి ముందు నిలబడగానే గొంతు పెగలని వారికి మాత్రం ‘ధైర్యం తెచ్చుకో’ అని చెప్పి ఊరుకుంటాం. ఏళ్ల తరబడి బోధనాభ్యాసాన్ని పర్యవేక్షిస్తున్న నన్ను ఈ లోపం కలచివేస్తోంది.

ఒక అమ్మాయి పాఠం మొదలుపెట్టిన కాసేపటికే నల్లబల్ల వైపు తిరిగి, రాయవలసింది అయిపోయాక కూడా ఆ అక్షరాలనే మళ్లీ మళ్లీ దిద్దుతూ ఉండిపోయింది. చేతిలో సుద్దముక్క రెండుసార్లు విరిగింది. ఆమెకు విషయం క్షుణ్ణంగా తెలుసు. నేను మాత్రం ‘తరగతి వైపు చూడలేదు’ అని రాసి మార్కులు తగ్గించాను. ఆమెకు ఆ సంగతి నాకంటే ముందే తెలుసునని ఆలోచించలేదు.

1963లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైన సూక్ష్మబోధన, అంటే కొద్దిమంది ముందు కొద్ది నిమిషాల పాఠం చెప్పించి లోపాలు దిద్దే పద్ధతి, నైపుణ్యాలకు పదును పెడుతుంది. కానీ ప్రతి పాఠం చివరా విమర్శ ఉంటుంది గనుక, భయపడేవారికి అది మరో పరీక్షే అవుతుంది. ఒకే ఇబ్బంది ఉన్న కొందరిని కౌన్సెలర్ ఒకచోట కూర్చోబెట్టి సాయపడే బృంద కౌన్సెలింగ్ దారి వేరు. భయపెట్టే సందర్భాలను తేలికైన దాని నుంచి కష్టమైన దాని వరకు మెట్లుగా పేర్చుకుని ఎక్కించే పద్ధతిని మానసిక వైద్యుడు జోసెఫ్ వోల్పే 1958లోనే వివరించారు. ఎనిమిది, పది మంది ఉన్న బృందంలో ముందు కూర్చునే ఒక పేరా చదవడం, తరువాత నిలబడి చెప్పడం, ఆపైన ఊహించని ప్రశ్నకు జవాబివ్వడం, చివరికి పూర్తి పాఠం చెప్పడం, ఇలా సాగవచ్చు. ‘నాకూ కాళ్లు వణుకుతాయి’ అని పక్కవారి నోట విన్నప్పుడు సగం సిగ్గు పోతుంది. తన వణుకు అందరికీ కనబడిపోయిందని కుమిలిపోయే మనిషికి, ఎదుట కూర్చున్నవారే ‘మాకు అంతగా తెలియలేదు’ అని చెప్పడం ఏ ఉపన్యాసమూ ఇవ్వలేని ఊరట. ఒంటరి కౌన్సెలింగ్‌లో ఈ శ్రోతలు ఉండరు.

కాబట్టి బోధనాభ్యాసానికి ముందే కొన్ని వారాలపాటు, వారానికి గంటన్నర చొప్పున, శిక్షణ పొందిన కౌన్సెలర్‌తో ఈ సమావేశాలను కాలనిర్ణయ పట్టికలో చేర్చాలని శిక్షణ కళాశాలలను కోరుతున్నాను. భయం మరీ తీవ్రంగా ఉన్నవారిని మానసిక వైద్యుల వద్దకు పంపాలి. బృందంలో చెప్పుకున్న మాట బయటకు పొక్కకూడదు; హాజరుకు, మాటతీరుకు మార్కులు ఉండకూడదు; మార్కులు వేసే నాలాంటివారు ఆ గదిలో అడుగుపెట్టకూడదు.

భవదీయుడు,
ఒక ఉపాధ్యాయ శిక్షకుడు