వానలకు ముందే పాత భవనాల మిద్దెలెక్కి చూడండి

సంపాదకులకు,

హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ కొండ వాలులో ఉన్న హిల్‌ఫోర్ట్ ప్యాలెస్‌ను 1915లో సర్ నిజామత్ జంగ్ తన నివాసం కోసం కట్టించుకున్నారు. హైదరాబాద్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన ఆయన కేంబ్రిడ్జిలో తాను చదివిన ట్రినిటీ కాలేజీని మనసులో పెట్టుకుని కట్టించారని చెబుతారు. 1929లో నిజాం దాన్ని కొని కొడుకు మొజ్జం జాకు ఇచ్చారు. తర్వాత అదే రిట్జ్ హోటల్ అయింది. హోటల్ మూతపడ్డాక మాత్రం ఏళ్ల తరబడి పట్టించుకున్నవాళ్లు లేరు. బాగు చేయించమని పౌరులు హైకోర్టుకెక్కాల్సి వచ్చింది. అంత దూరం ఎందుకు రానివ్వాలి?

ఆ కాలపు ఇళ్లకు బయట యూరప్ తరహా స్తంభాలు, లోపల మొఘల్ కమాన్లు, చల్లదనానికి మన చౌక్ (ఇంటి నడిమి ఖాళీ వాకిలి), పైన ఇనుప గర్డర్ల మిద్దె. ఇన్ని పద్ధతులు ఒకచోట కలిసిన కట్టడం చెడిపోవడానికి భూకంపాలు రానక్కర్లేదు. పిట్టగోడ పగులులో రావి గింజ మొలుస్తుంది. మొదటి ఏడాది వేళ్లతో పీకేయొచ్చు. వదిలేస్తే వేరు డంగుసున్నంలోకి దిగి గోడను చీలుస్తుంది. తూములో ఆకులు పూడి నీళ్లు నిలుస్తాయి. ఆ తడి గర్డర్‌కు తగిలితే ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, కప్పు కిందివైపు పూత పెచ్చులుగా రాలిపోతుంది. అప్పుడెవరో వచ్చి పైపైన సిమెంటు పూస్తారు. అది ఇంకా నష్టం. సున్నపు గోడ పీల్చుకున్న తేమను బయటికి వదలాలి, సిమెంటు ఆ దారి మూసేస్తుంది.

నగరంలోనే ఉన్న 1905 నాటి బెల్లా విస్టా ప్యాలెస్ చూడండి. దశాబ్దాలుగా అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ వాడకంలో ఉంది, నిలిచింది. మనుషులు తిరిగే ఇంట్లో కారుతున్న చోటు ఆ రోజే కనిపిస్తుంది. తాళం వేసిన ఇంట్లో కప్పు కూలాకే తెలుస్తుంది.

ఇక్కడి మరో పాత ప్యాలెస్ ఇర్రమ్ మంజిల్‌ను కూల్చాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసినప్పుడు మేమంతా సంతోషించాం. కానీ కోర్టు కూల్చకుండా ఆపగలదు గానీ, ఏటేటా మిద్దె ఊడ్పించలేదు కదా. ఆ పని ప్రభుత్వానిదే.

అందుకే నా విన్నపం. సర్కారు చేతిలో ఉన్న ప్రతి వారసత్వ భవనానికీ బాధ్యుడైన ఒక ఇంజినీరు పేరు ప్రకటించండి. ఏటా మే నెలాఖరుకల్లా మిద్దె ఎక్కి, మొక్కలు తీయించి, తూములు శుభ్రం చేయించి, పగుళ్లను సున్నంతోనే పూడ్పించాలి. కోట్లు ఖర్చయ్యే పునరుద్ధరణతో పోలిస్తే ఇదెంత? దేవిడీలను (పాత నవాబుల, జమీందారుల పెద్ద భవంతులను) అమ్ముకోకుండా కాపాడుకుంటున్న కుటుంబాలకు ఆస్తి పన్నులో రాయితీ ఇస్తే వాళ్లూ ఈ పని చేయించుకోగలుగుతారు. మిద్దె చూసిన తేదీ, చూసినవారి పేరు భవనం గేటు దగ్గర బోర్డు మీద రాయించండి, ఆ దారిన పోయే మేం కూడా అడగగలుగుతాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హిమాయత్‌నగర్, హైదరాబాద్