ఒకే కాలనీ మీద రెండు ఉత్తరాలు

చిన్నా,

నీ ఉత్తరమూ, అమ్మాయి ఉత్తరమూ ఒకే రోజు అందాయి. ఇద్దరూ వెళ్ళి చూసింది ఒకే కాలనీ, ఒకే ఇల్లు. నువ్వేమో "అక్కడ జీవం లేదమ్మా, ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి, పట్టపగలు కూడా వీధిలో మనిషి కనపడలేదు" అని రాశావు. తనేమో "ఎంత ప్రశాంతంగా ఉందో అత్తయ్యా, బాబుని గేటు బయట భయం లేకుండా ఆడుకోనివ్వచ్చు" అంది. తీర్పు నన్ను చెప్పమన్నారు ఇద్దరూ. ఎవరి మాట నెగ్గాలో చెప్పడం నా పని కాదు. కానీ నగరం శివార్ల గురించి జనం ఇలా రెండుగా చీలిపోవడం మీతో మొదలైంది కాదు. ఇన్నేళ్ళు సోషల్ పాఠాలు చెప్పినదాన్ని, నాకు తెలిసింది రాస్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు. తనకీ చూపించు.

ముందు ఒక సంగతి. నీకు నచ్చనిదానికీ, తనకు నచ్చినదానికీ కారణం ఒక్కటే. ఆ వీధి అటు చివర మూసి ఉందని నువ్వే రాశావు. అక్కడుండేవాళ్ళ బళ్ళు తప్ప వేరే బండి లోపలికి రాదు, అందుకే పిల్లవాడు ఆడుకోగలడు. బయటివాళ్ళు అటుగా నడిచిపోయే దారి కూడా లేదు, అందుకే నీకు మనిషి కనపడలేదు. ఇలాంటి వీధుల్ని కావాలనే అలా గీశారు. 1929లో అమెరికాలో, న్యూజెర్సీలోని రాడ్‌బర్న్ అనే చోట క్లారెన్స్ స్టీన్, హెన్రీ రైట్ అనే ఇద్దరు ఒక ఊరికి ప్లాన్ వేశారు. కార్లు విపరీతంగా పెరుగుతున్న రోజులవి. ఇళ్ళ దగ్గరికి వచ్చే వీధుల్ని చివర మూసేశారు. ఇళ్ళకి రెండోవైపు పార్కులు, పార్కుల్లోంచి కాలిబాటలు పెట్టారు. పెద్ద రోడ్డు అడ్డం వచ్చిన చోట నడిచేవాళ్ళకి దాని కిందనుంచి దారి ఇచ్చారు. పిల్లలు కారు ఎదురుపడకుండా బడికి నడిచి వెళ్ళాలన్నది వాళ్ళ ఆలోచన.

ఆర్థిక మాంద్యం వచ్చిపడి ఆ ఊరు పూర్తికాలేదు గానీ, మూసిన వీధి మాత్రం చాలా దేశాలకి పాకింది. నాకు బాధ కలిగించేదేమిటంటే, తర్వాత కట్టినవాళ్ళలో చాలామంది మూసిన వీధిని తీసుకుని కాలిబాటని వదిలేశారు. దాంతో వెనకింటి గోడ కళ్ళెదురుగానే ఉన్నా, ఆ ఇంటికి వెళ్ళాలంటే కాలనీ అంతా చుట్టి రావాలి. చివరికి దానికీ బండి తియ్యాల్సిందే. మీరు చూసిన వీధి చివరనుంచి నడిచి బయటపడే సందు ఏదైనా ఉందా? ఇద్దరి ఉత్తరాల్లోనూ ఆ మాట లేదు. ఉంటే మీ గొడవ సగం తీరినట్టే.

ఇక ఇళ్ళన్నీ ఒకేలా ఉన్నాయన్న మాట. అది నువ్వు పుట్టక చాలా ముందునుంచీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో ఇళ్ళకి తీవ్రమైన కొరత వచ్చింది. సైన్యంనుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళు పెళ్ళాం పిల్లలతో అమ్మానాన్నల ఇంట్లోనో, చుట్టాల ఇంట్లోనో సర్దుకుంటున్నారు. 1947లో లెవిట్ కంపెనీ న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో, అంతకుముందు బంగాళాదుంపలు పండించిన పొలాల్లో ఇళ్ళు కట్టడం మొదలుపెట్టింది. ఆ ఊరికి లెవిట్‌టౌన్ అని పేరు. 1951కల్లా 17 వేలకు పైగా ఇళ్ళు లేచాయి. మొదట కట్టినవి 750 చదరపు అడుగులవి, అన్నీ దాదాపు ఒకే నమూనా. లూయిస్ మమ్‌ఫర్డ్ లాంటి పెద్ద మేధావి ఈ తరహా శివార్లని గట్టిగా విమర్శించాడు. ఒకేలాంటి ఇళ్ళు, ఒకేలాంటి రోడ్లు, ఒకే వయసు, ఒకే ఆదాయం ఉన్న మనుషులు అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ అన్నాళ్ళూ ఒకరింట్లో సర్దుకున్నవాళ్ళకి, పక్కిల్లు కూడా తమ ఇల్లులాగే ఉండటం పట్టించుకునే విషయమా చెప్పు? తలుపు వేసుకుంటే తమదైన గది ఉంది, వాళ్ళకి అది చాలు. పైగా అక్కడుండేవాళ్ళు ఆ ఇళ్ళకి గదులు కలుపుకుంటూ, పైకప్పులు లేపుకుంటూ పోయారు. మొదట కట్టినట్టే ఉన్న ఇల్లు ఇప్పుడక్కడ దొరకడం కష్టం.

హెర్బర్ట్ గాన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త చేసిన పని నాకు చాలా ఇష్టం. శివార్ల మీద వచ్చే విమర్శలు నిజమో కాదో తేల్చుకోవడానికి, అదే కంపెనీ న్యూజెర్సీలో కట్టిన ఇంకో లెవిట్‌టౌన్‌లో 1958లో తనే ఇల్లు కొనుక్కుని చేరాడు. రెండేళ్ళు అందరిలో ఒకడిగా ఉన్నాడు. 1967లో పుస్తకం వేశాడు. బయటినుంచి చూసి రాసినవాళ్ళు అనుకున్నట్టు అక్కడి మనుషులు విసిగిపోయి లేరని, ఎక్కువమంది సంతోషంగానే ఉన్నారని చెప్పాడు. అంతటితో ఆగి ఉంటే నేను నీకు ఇది రాసేదాన్నే కాదు. ఎవరు సంతోషంగా లేరో కూడా చూశాడు. టీనేజీ పిల్లలకి వెళ్ళడానికి ఒక్క చోటు లేదు. ఇళ్ళు, వీధులు, దుకాణాలు అన్నీ చిన్న పిల్లలున్న కుటుంబాల కోసం గీసినవి, ఆ పిల్లలు పెరుగుతారన్న సంగతి ఎవరికీ తట్టలేదు. పుట్టింటికి దూరమైపోయి పగలంతా ఒంటరిగా గడిపిన ఆడవాళ్ళు కొందరున్నారు. ఒకే వీధిలో, ఒకే నమూనా ఇంట్లో, ఒకే కుటుంబంలో ఒకరికి నచ్చింది, ఇంకొకరికి నచ్చలేదు.

మనింట్లోనూ అంతే కదా. మనం శివారులో ఉన్న రోజులు నీకు లీలగా గుర్తుంటాయేమో. మీ నాన్నగారిని అడుగు, అంత మంచి చోట మళ్ళీ ఉండలేదనే అంటారు. ఆయన పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవారు. రాత్రి నిశ్శబ్దం, సెలవురోజు మొక్కల పని, ఇవీ ఆయన చూసిన శివారు. నేను చూసింది మధ్యాహ్నాలు. నువ్వు నిద్రపోయాక మాట్లాడటానికి మనిషి లేదు. బస్సు ఎప్పుడొస్తుందో తెలీదు. నీకు జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికి ఎలా వెళ్ళాలా అని ఒకటే టెన్షన్. తర్వాత నడిచి వెళ్ళేంత దూరంలో బడి పెట్టారు, నాకు అందులో ఉద్యోగం వచ్చింది. అక్కణ్ణించి అదే వీధి నాకెంత నచ్చిందంటే, వదిలి వచ్చేటప్పుడు మీ నాన్నగారికంటే నేనే ఎక్కువ బాధపడ్డాను. ఇల్లు అదే, వీధి అదే. పగలు చెయ్యడానికి పని, నడిచి వెళ్ళడానికి ఒక చోటు కొత్తగా వచ్చాయి, అంతే.

కాబట్టి అమ్మాయి పగలు ఎలా గడుస్తుందో నువ్వు ఆలోచించు. నీ ప్రయాణం ఎలా ఉంటుందో తను ఆలోచించాలి. చెజారే మార్కెట్టి అనే ఇటలీ శాస్త్రవేత్త 1994లో ఒక విషయం రాశాడు. ఏ కాలంలోనైనా మనుషులు రోజూ రాకపోకల మీద పెట్టే సమయం సగటున గంటకి అటూఇటూగానే ఉంటుందని. వాహనాల వేగం పెరిగితే మనకి సమయం మిగలదు, నగరం ఇంకా దూరం పాకుతుంది. ఆ గంట రెండు గంటలైతే ఎంత అందమైన ఇల్లయినా మనిషి చిరాకుపడతాడు, ఆ చిరాకంతా ఇంట్లోవాళ్ళ మీదే. "నగరం ఇక్కడికి ఎంతో దూరం లేదండీ" అని ఇల్లు అమ్మేవాళ్ళు చెప్పే మాట నమ్మకండి. లండన్‌లో మెట్రోపాలిటన్ రైల్వే తన లైను పక్కన ఉన్న శివార్లకి 1915లో "మెట్రోలాండ్" అని పేరు పెట్టి ప్రచారం చేసుకుంది. పల్లె గాలి పీలుస్తూ నగరంలో ఉద్యోగం చేసుకోండి అని పిలిచింది. దానికి టికెట్లు అమ్ముడుపోవాలి, లైను పక్కన స్థలాలూ అమ్ముడుపోవాలి. అలాగని ఆ ఊళ్ళు చెడ్డవని కాదు. రైలు నిజంగా ఉంది కాబట్టి వాటికి మేలే జరిగింది. స్వీడన్‌లో స్టాక్‌హోమ్ శివారు వెలింగ్‌బీని 1954లో ప్రారంభించినప్పుడు మెట్రో స్టేషన్ చుట్టూ దుకాణాలు, వాటి చుట్టూ ఇళ్ళు కట్టారు. ఉద్యోగాలు కూడా అక్కడే ఉండాలనుకున్నారు. అది అనుకున్నంత కాలేదు, చాలామంది నగరానికే వెళ్ళొచ్చారు. కానీ ఇంటినుంచి స్టేషన్‌కి, దుకాణానికి నడిచి వెళ్ళగలిగారు. నాకు ఆ పద్ధతి నచ్చుతుంది. మీకు రైలు రాబోతోందని కాగితం మీద చూపిస్తే కుదరదు, తిరుగుతూ ఉండాలి.

"శివారులో ఉంటే శివారువాళ్ళమైపోతాం" అని రాశావు చూడు, ఆ మాట నాకు నచ్చలేదు. పారిస్‌లో మాంమార్త్ర్, బెల్‌విల్ 1860 దాకా నగరం బయట ఉన్న ఊళ్ళు. ఇప్పుడు పారిస్ చూడటానికి వెళ్ళినవాళ్ళు మాంమార్త్ర్ గుట్ట ఎక్కకుండా రారు. ఊరి చివర అన్నది ఎప్పటికీ ఒకచోటే ఉండదు. దాన్నిబట్టి మనుషుల స్థాయి లెక్కగట్టడం నీకు తగదు.

తన "ప్రశాంతత" మీద కూడా ఒక మాట చెప్పాలి. అన్ని లెవిట్‌టౌన్లలోనూ మొదట్లో నల్లజాతివాళ్ళకి ఇళ్ళు అమ్మలేదు. 1957లో పెన్సిల్వేనియాలోని లెవిట్‌టౌన్‌లోకి ఒక నల్లజాతి కుటుంబం వచ్చి చేరితే, గుంపులు వాళ్ళింటి ముందు చేరి రాళ్ళు విసిరాయి. ఆ రోజు దాకా అది కూడా ఎంతో ప్రశాంతమైన వీధే. మీరు చూస్తున్న కాలనీలో ఎవరికి ఇల్లు ఇవ్వరో నోరు తెరిచి అడగండి. ఫలానావాళ్ళకి ఇవ్వం అని ఎవరైనా గర్వంగా చెబితే, ఎంత పచ్చగా ఉన్నా ఆ ఇల్లు వద్దు. నా మనవడు అక్కడ పెరగకూడదు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను తీర్పే చెబుతున్నాను.

మీరిద్దరూ సెలవురోజు వెళ్ళి చూసినట్టున్నారు. పనిరోజు మధ్యాహ్నం ఒకసారి వెళ్ళండి. బండి బయటే ఆపేసి లోపలికి నడవండి. అక్కడ పదిహేనేళ్ళ పిల్ల ఎవరైనా కనపడితే, బడి అయ్యాక ఎక్కడికి వెళ్తావమ్మా అని అడగండి. బండి నడపలేని ముసలివాళ్ళని అడగండి, ఆఖరిసారి ఒంటరిగా బయటికి ఎప్పుడు వెళ్ళారో. వీధి మూల ఇంట్లో చిన్న దుకాణం పెట్టుకోనిస్తారా లేదా కనుక్కోండి. కొన్నిచోట్ల ఇళ్ళు తప్ప ఇంకేమీ ఉండకూడదని నియమం ఉంటుంది, అక్కడ ఎన్నేళ్ళయినా ఏమీ మారదు. ఈ ప్రశ్నలు ఇద్దరూ కలిసి అడగండి. విడివిడిగా వెళ్తే మళ్ళీ నాకు రెండు ఉత్తరాలు వస్తాయి.

మేమిద్దరం వచ్చి మీ దగ్గర కొన్నాళ్ళు ఉండే ఉద్దేశం ఉంది. మీ నాన్నగారు బండి నడపడం మానేశారు, నాకు ఎప్పుడూ రాదు. ఏ ఇల్లు తీసుకున్నా సరే, గేటునుంచి బస్టాప్ దాకా ఫుట్‌పాత్ ఉందో లేదో నడిచి చూసి నాకు రాయి.

ఆశీస్సులతో,
అమ్మ